రంగుల క్రోషియా మొదలుపెట్టారా? ముందు అల్లిక ఒంటి రంగు తేల్చుకోండి

శ్రీకాకుళం నుంచి అడిగిన అమ్మా, మీ ప్రశ్న చదివాను. ఆన్‌లైన్లో 24 రంగుల కిట్టు తెప్పించుకున్నారు. వీడియోలు చూసి గ్రానీ స్క్వేర్లు, అంటే నడిమధ్య నుంచి రౌండులుగా అల్లుకుంటూ వచ్చే చదరాలు, వేశారు. ఒక్కోటి ఒక్కో సైజులో వస్తోంది, కొన్నిటికి అంచులు లేచిపోతున్నాయి. అన్నీ పక్కపక్కన పరిస్తే కళ్లు చెదురుతున్నాయి. ఒకదాన్ని ఉతికితే ఎరుపు తెలుపులోకి దిగింది. ఇక ఏ దారం కొనాలి, రంగులు ఎలా కలపాలి, మొదట ఏం అల్లాలి, చెయ్యి తిరిగాక అమ్ముకోవచ్చా, ఇదీ మీరు అడిగింది. నాది విజయనగరం. పెళ్లికి ముందు నుంచీ అల్లుతున్నాను, మా వీధిలో ఆడపిల్లలకీ, రిటైరైన ఒక మాస్టారికీ కూడా నేర్పాను. మీకు వచ్చిన ఇబ్బందులు దాదాపు అందరికీ వచ్చేవే, కాబట్టి కాస్త వివరంగా రాస్తాను.

ముందు ఆ కిట్టు సంగతి. చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది గానీ ఒక వస్తువు పూర్తిచేయడానికి అది సరిపోదు. ఒక్కో రంగూ ఒక చిన్న ఉండ, నాలుగు చదరాలు వేసేసరికి అయిపోతుంది. అంటే మీ పనిలో ఏ రంగూ మళ్లీ మళ్లీ కనపడదు. కళ్లు చెదిరేది రంగులు ఎక్కువై కాదమ్మా, ఒక చోట చూసిన రంగు ఇంకో చోట తగలక. రంగులమయంగా కనిపించే మంచి దుప్పటి ఏదైనా దగ్గరికెళ్లి చూడండి, అందులో ఒకే ఒక రంగు చాలా ఎక్కువ ఉంటుంది, మిగతావన్నీ దాని మీద ఆడుతుంటాయి. ఆ ఒక్క రంగునే ఒంటి రంగు అంటున్నాను, అది ఏదో తేల్చుకోకుండా సూది పట్టుకోవద్దని నేను నేర్పే ప్రతివాళ్లకీ చెప్తాను.

చీర కట్టేవాళ్లకి ఇది పెద్ద విద్యేం కాదు. బీరువా తీసి, మీరు కట్టినప్పుడల్లా నలుగురూ బావుందన్న చీర ఒకటి మంచం మీద పరవండి. ఒంటి రంగు ఏది, అంచు ఏది, పైటలో మాత్రమే మెరిసేది ఏది అని చూడండి. మామిడిచిగురు ఒంటికి వంగపండు అంచు, పైటలో కాస్త పసుపు, ఒకటి రెండు చోట్ల కుంకుమ ఎరుపు అనుకోండి. ఆ పాళ్లనే దారంలోకి దించుకోండి: ఒంటి రంగు సగం, అంచు రంగు పావు, మిగతా పావులో రెండో మూడో రంగులు. ఏ రంగు పక్కన ఏది నప్పుతుందో, ఏది ఎంత ఉండాలో ఆ చీర నేసినాయన ముందే ఆలోచించి పెట్టాడు, మనం ఎత్తుకోవడమే. ఒంటి రంగుగా గంధం, లేత బూడిద, ముదురు నీలం, ఇటుక రంగు ఎప్పుడూ మోసం చేయవు. తెలుపు అందంగానే ఉంటుంది గానీ గుమ్మం దగ్గరా, పిల్లలు దొర్లే చోటా వాడే వస్తువుకి వద్దు.

ఇంకో చిట్కా. ఎంచుకున్న ఉండలన్నీ పగటిపూట కిటికీ దగ్గర పక్కపక్కన పెట్టి ఫోన్లో ఫొటో తీసి, దాన్ని బ్లాక్ అండ్ వైట్‌లోకి మార్చి చూడండి. ఎరుపూ ఆకుపచ్చా కంటికి ఎంత వేరుగా ఉన్నా ఆ ఫొటోలో రెండూ ఒకే బూడిదగా కనపడొచ్చు. అలాంటివి పక్కపక్క రౌండుల్లో వస్తే డిజైను కలిసిపోతుంది. వాటిలో ఒకదాన్ని లేతది గానీ ముదురుది గానీ తీసుకోండి. రాత్రి ట్యూబులైటు కింద మాత్రం రంగులు ఎంచకండి. ముదురు నీలం, నలుపు, మెరూన్ అన్నీ అప్పుడు ఒక్కలాగే ఉంటాయి.

సరే, ఒంటి రంగు ఎంత కొనాలి? గ్రానీ స్క్వేరుకి దీని లెక్క చాలా సులువు, కానీ వీడియోల్లో ఎవరూ చెప్పగా నేను చూడలేదు. ఒకే సందులో పక్కపక్కన వేసే 3 డబుల్ క్రోషేలు (పొడుగు కుట్లు) ఒక గుత్తి కదా. మొదటి రౌండులో 4 గుత్తులు, రెండోదాంట్లో 8, మూడోదాంట్లో 12, నాలుగోదాంట్లో 16. మొత్తం 40. నాలుగో రౌండు ఒంటి రంగుతో వేస్తే ఆ 40లో 16, అంటే నూటికి 40 పాళ్ల దారం అదొక్కటే తింటుంది. చదరాలు కలిపి కుట్టడానికీ, చుట్టూ అంచుకీ కూడా అదే రంగు వాడితే దాదాపు సగం. నడిమధ్య రౌండుకి పట్టేది నూటికి 10 పాళ్లే. కాబట్టి మీ కిట్టు పారేయక్కర్లేదు. ఆ చిన్న ఉండలన్నీ మొదటి రెండు రౌండులకీ వాడేయండి, మూడో రౌండుకి అంచు రంగు ఒకటి ఖాయం చేసుకోండి, నాలుగో రౌండుకి ఒంటి రంగు మాత్రం కొత్తగా కొనండి. అప్పుడు నడిమధ్య ఎన్ని రంగులు మారినా చెదిరినట్టు ఉండదు. కాకపోతే కిట్టులో దారం, కొత్తగా కొనే దారం ఒకే లావు ఉండాలి. రెండు పోగులూ పక్కపక్కన పెట్టి వేళ్ల మధ్య నలిపి చూస్తే తెలిసిపోతుంది.

గ్రాముల లెక్కకి వంటింటి తూకం చాలు. ఒక చదరం పూర్తిగా వేసి తూచండి. 7 గ్రాములు వచ్చిందనుకోండి, 30 చదరాలకి 210 గ్రాములు, అందులో ఒంటి రంగు సుమారు 105. దాని మీద ఒక ఉండ ఎక్కువే తెచ్చుకోండి. ఉండ చుట్టూ ఉన్న కాగితం మీద షేడు నంబరు పక్కనే లాటు నంబరు, అంటే ఏ విడతలో రంగు వేశారో చెప్పే నంబరు, కూడా ఉంటుంది. షేడు ఒకటే అయినా లాటు మారితే రంగులో వీసమెత్తు తేడా వస్తుంది. ఉండగా ఉన్నప్పుడు కనపడదు, అల్లి పరిచాక గీత గీసినట్టు కనపడుతుంది. అందుకే ఒంటి రంగు అంతా ఒకేసారి, ఒకే లాటులో కొనాలి. మిగతా రంగులకి ఈ పట్టింపు అక్కర్లేదు.

ఇప్పుడు సైజులు తేడా రావడం. మీరు వేర్వేరు వీడియోలు చూశానన్నారు, మొదటి అనుమానం అక్కడే. అమెరికా వాళ్లు సింగిల్ క్రోషే అనే పొట్టి కుట్టుని ఇంగ్లాండు వాళ్లు డబుల్ క్రోషే అంటారు. అమెరికా డబుల్ క్రోషే ఇంగ్లాండులో ట్రెబుల్. పేరు ఒకటే, కుట్టు ఎత్తు రెండింతలు తేడా. మన తెలుగు, హిందీ వీడియోల్లో ఎక్కువగా అమెరికా పేర్లే వాడతారు, ఇంగ్లాండు పత్రికల్లోంచి తీసిన ప్యాటర్నులు అటువైపువి. గుర్తుపట్టడానికి ఒక దారి ఉంది: ప్యాటర్నులో ఎక్కడైనా సింగిల్ క్రోషే అన్న మాట ఉంటే అది అమెరికా పద్ధతి, ఎందుకంటే ఇంగ్లాండు పద్ధతిలో ఆ పేరే వాడరు. నేను ఇక్కడ రాస్తున్నవన్నీ అమెరికా పేర్లు.

రెండో అనుమానం సూది. కిట్టులో డజను సూదులు ఇస్తారు, ఇవాళ ఒకటి, రేపు ఒకటి పట్టుకుంటాం. ఇంట్లో అమ్మావాళ్ల పాత అల్యూమినియం సూదులు ఉంటే వాటి మీద నంబరు పెరిగేకొద్దీ సూది సన్నం, 8 అంటే 4 మిల్లీమీటర్లు, 9 అంటే 3.5. ఇప్పటి సూదుల మీద నేరుగా మిల్లీమీటర్లే ఉంటాయి, అవే చూసుకోండి. మామూలు ఉలెన్ దారానికి 4 మిల్లీమీటర్ల సూది ఒక్కటి తీసి, మొదలుపెట్టిన పని పూర్తయ్యేదాకా మిగతావి డబ్బాలో పెట్టి మూత పెట్టేయండి.

మూడోది, లూపు ఎక్కడ కూర్చుంటోంది అన్నది. సూదిని పరీక్షగా చూడండి. కొక్కెం కింద మెడ సన్నగా ఉంటుంది, దాని తర్వాత ఒళ్లు లావు. లూపు కొలత తేలేది ఆ లావు భాగం మీద. కొత్తవాళ్లు జారిపోతుందన్న భయంతో లూపుని మెడ దగ్గరే బిగించి ఉంచుతారు. అక్కడ ఒకసారి వదులు, ఒకసారి బిగువు. ప్రతి లూపునీ మెడ దాటించి ఒంటి మీదకి తెచ్చి, అప్పుడు తర్వాతి కుట్టుకి వెళ్లండి. ఎడమచేతి చూపుడువేలి మీదుగా దారం జారే తీరు ఒక్కలా ఉండాలి, చిటికెన వేలికి ఒక చుట్టు చుట్టుకుంటే అదే సర్దుకుంటుంది. టీవీ సీరియల్లో గొడవ ముదిరినప్పుడు అల్లిన రౌండు బిగుసుకుపోతుందని మా పక్కింటావిడ అంటుంది. నవ్వులాటకన్నా అందులో నిజం లేకపోలేదు.

అంచులు లేవడానికి కారణం కుట్ల లెక్క. చదరం గిన్నెలా లోపలికి ముడుచుకుంటోందంటే కుట్లు తక్కువయ్యాయి, లేదా మూలల్లో వేసే 2 చైన్లు (గొలుసు కుట్లు) మరీ బిగుతుగా పడ్డాయి. అలలు అలలుగా లేస్తోందంటే కుట్లు ఎక్కువయ్యాయి. చాలామంది రౌండు మొదట్లో వేసే 3 చైన్లు ఒక డబుల్ క్రోషేతో సమానమని మర్చిపోయి, దాని పక్కన 2 వేయాల్సింది 3 వేస్తారు. రౌండు పూర్తికాగానే గుత్తులు లెక్కపెట్టండి: 4, 8, 12, 16. గుండ్రంగా అల్లేటప్పుడు డబుల్ క్రోషే అయితే మొదటి రౌండులో 12, తర్వాత ప్రతి రౌండుకీ ఇంకో 12 పెరగాలి. సింగిల్ అయితే 6, 12, 18. ఈ లెక్క తప్పకపోతే పళ్లెంలా చదునుగా వస్తుంది. 2016లో చెన్నైలో మదర్ ఇండియాస్ క్రోషే క్వీన్స్ అనే బృందం 11,148.5 చదరపు మీటర్ల క్రోషియా దుప్పటితో గిన్నిస్ రికార్డు కొట్టింది. ఎక్కడెక్కడో ఉన్న ఆడవాళ్లు అల్లిన ముక్కలు అవి. ముక్కలన్నీ ముందే అనుకున్న కొలతకి వస్తేనే అన్ని చేతుల పని ఒక్కటిగా కలుస్తుంది. మనం 16 చదరాలకే స్కేలు పెట్టి కొలవడానికి బద్ధకిస్తాం.

రంగు మార్చే చోటు గురించి కాస్త నిదానంగా చెప్తాను, పని నీటు అంతా అక్కడే తెలుస్తుంది. అడ్డ వరసల్లో అల్లుతున్నారనుకోండి, ఒక వరస పసుపు, తర్వాతది ఆకుపచ్చ. పసుపు వరసలో ఆఖరి డబుల్ క్రోషేని పూర్తిగా వేయకండి. దారం చుట్టి, సూది గుచ్చి, లాగి, సూది మీద 3 లూపులు వచ్చాక ఒకసారి 2 లూపుల్లోంచి తీస్తారు కదా, ఇప్పుడు సూది మీద 2 లూపులు మిగిలాయి. అక్కడ ఆగండి. పసుపు దారం వెనక్కి వదిలేసి, ఆకుపచ్చ దారాన్ని మడిచి కొక్కేనికి తగిలించి, ఆ 2 లూపుల్లోంచి లాగండి. కుట్టు మొత్తం పసుపే, సూది మీద మిగిలిన లూపు మాత్రం ఆకుపచ్చ. అదే తర్వాతి వరసకి మొదటి లూపు. కుట్టుని పసుపుతోనే పూర్తిచేసి తర్వాత ఆకుపచ్చ కలిపితే, ఆకుపచ్చ వరస మొదట్లో ఒక పసుపు చుక్క దిగబడి ఉంటుంది. ప్రతి వరస చివరా అలాంటి చుక్క ఉంటే, ఎందుకో తెలియకపోయినా చూసేవాళ్లకి పని మురికిగా అనిపిస్తుంది.

గ్రానీ స్క్వేరులో అయితే ఒక రౌండుని, కొసలు కలిపే చిన్న కుట్టయిన స్లిప్ స్టిచ్‌తో మూసి, దారం తెంపి, కొత్త రంగుని మూల సందులో కలుపుతాం. ప్రతిసారీ ఒకే మూలలో కలపకండి. రౌండుకో మూల మారిస్తే అతుకులన్నీ ఒకే గీతలో పడి ఉబ్బుగా తగలవు. తెంపేటప్పుడు 15 సెంటీమీటర్లన్నా తోక వదలండి. కొత్త రౌండు మొదలెట్టగానే పాత తోకనీ కొత్త తోకనీ రెండింటినీ కింద కుట్ల మీదుగా పడుకోబెట్టి, వాటిని లోపల పెట్టి 4, 5 కుట్లు వేసేయండి. మిగిలిన కొసని పెద్ద కన్నున్న సూదిలో ఎక్కించి వెనకవైపు ఒక దిక్కుకి, మళ్లీ ఎదురు దిక్కుకి లాగి కత్తిరించండి. ఒకే దిక్కుకి లాగితే రెండు ఉతుకులకి జారి బయటికొస్తుంది. నాలుగు రంగుల చదరానికి 8 తోకలు, 30 చదరాలకి 240. ఈ లెక్క చెప్పినప్పుడు మా వీధి పిల్ల ఒకర్తి "ఇన్ని తోకలేటి పిన్నీ!" అని సూది కింద పెట్టేసింది. ఆఖర్న ఒకేసారి చూసుకుందాం అనుకుని వదిలేసిన చదరాలు చాలా ఇళ్లల్లో ప్లాస్టిక్ సంచుల్లో ఉన్నాయి. ఏ చదరం తోకలు ఆ చదరంతోనే అయిపోవాలి. ముడివేసి కత్తిరించేద్దామన్న ఆశ వద్దు, ఆ ముడి ఏదో ఒకరోజు ముందువైపుకి తొంగిచూస్తుంది.

దారం విషయానికొస్తే, షాపులో ఉలెన్ దారం అని ఇచ్చేది చాలావరకు అక్రిలిక్ అనే కృత్రిమ దారం, అందులో గొర్రె ఉన్ని ఉండదు. వర్ధమాన్, ఓస్వాల్, గంగా లాంటి కంపెనీల ఉండలు ఫ్యాన్సీ షాపుల్లోనూ, లైనింగులూ ఫాల్సులూ అమ్మే టైలరింగు సామాన్ల షాపుల్లోనూ దొరుకుతాయి. మాకు గంటస్తంభం చుట్టుపక్కల, మీకు జీటీ రోడ్డులో వెతికితే సరిపోతుంది. అన్ని షేడ్లూ దొరక్కపోతే విశాఖ పూర్ణా మార్కెట్ వైపు వెళ్లినప్పుడు తెచ్చుకోండి. ఒంటి రంగు మాత్రం చేత్తో పట్టుకుని కొనండి, ఫోన్లో చూసిన గంధం రంగు ఇంటికొచ్చేసరికి బిస్కెట్టు రంగు అయి కూర్చుంటుంది. నేర్చుకోవడానికి అక్రిలిక్కే మంచిది, కాస్త సాగుతుంది, తప్పుపోయినా విప్పి వేయొచ్చు. నలుపు, ముదురు నీలంతో మాత్రం నేర్చుకోవద్దు, కుట్టు ఎక్కడుందో కనపడదు.

అయితే మన సముద్రతీరపు ఉక్కకి ఒంటి మీద వేసుకునేవి, తల కింద పెట్టుకునేవి కాటన్ దారంతోనే అల్లాలి. కాటన్ చెమట పీలుస్తుంది, అక్రిలిక్ పీల్చదు. కాటన్‌కి సాగే గుణం తక్కువ కాబట్టి మొదట్లో వేళ్లు నొప్పెడతాయి. పెద్ద వస్తువు అల్లితే బరువుకి కిందకి సాగుతుంది, అందుకని సంచీలకి పట్టీలు సింగిల్ క్రోషేతో గట్టిగా వేయాలి. వేడి గిన్నెలు దించే మసిగుడ్డల్లాంటివి అక్రిలిక్‌తో అస్సలు అల్లకండి. వేడి పాత్ర తగిలితే అది కరిగి చేతికి అంటుకుంటుంది. అక్రిలిక్ మీద ఇస్త్రీపెట్టె ఆనించినా అంతే, అల్లిక జీవం పోయి పేలవంగా సాగిపోతుంది. పసిపిల్లల చేతి తొడుగులకి పెద్ద పెద్ద కన్నాల అల్లిక వద్దు, లోపల వదులుగా ఉన్న దారప్పోగు చిట్టి వేళ్లకి చుట్టుకుంటే ప్రమాదం. టోపీలకి పూసలూ గుండీలూ కుట్టొద్దు.

పక్కనే పొందూరు ఉంది కదా, ఆ నూలుతో అల్లొచ్చా అని మీ ఊరివాళ్లే ఒకరు ఇంతకుముందు అడిగారు. వాలుగ చేప దవడతో పత్తిని దువ్వి సన్నగా వడికిన ఒంటి పోగు అది, మగ్గం కోసం పుట్టింది. క్రోషియాకి నాలుగైదు పోగులు కలిపి పురిపెట్టిన దారం కావాలి. ఒంటి పోగైతే కొక్కెం తగలగానే చీలిపోతుంది. పొందూరు ఖాదీ చీరకో చున్నీకో అంచు అల్లుకోండి, సన్నటి క్రోషియా కాటన్, 1.25 గానీ 1.5 గానీ మిల్లీమీటర్ల స్టీలు సూదితో. అది చాలా అందంగా ఉంటుంది, కానీ ఇప్పుడే కాదు, చెయ్యి తిరిగాక. నెల్లిమర్ల జూటు మిల్లులు మాకు దగ్గరే కాబట్టి జనపనార పురికొసతో బుట్టలు అల్లేవాళ్లు కూడా మా వైపు ఉన్నారు. 6 మిల్లీమీటర్ల సూది పెట్టి సింగిల్ క్రోషేతో వేస్తే నిలబడే బుట్ట వస్తుంది. చేతులు మాత్రం గరుకెక్కుతాయి, రంగుల సరదా కూడా అందులో తక్కువే.

ఎరుపు దిగిన సంగతి. అక్రిలిక్ రంగు మామూలుగా దిగదు, కాబట్టి మీ కిట్టులో కొన్ని ఉండలు కాటనో, కాటన్ కలిసినవో అయ్యుంటాయి. ముదురు ఎరుపు, మెరూన్, ముదురు నీలం ఏ కొత్త దారమైనా అల్లకముందే పరీక్ష పెట్టాలి. చేతిలో పట్టేంత పోగు తడిపి తెల్ల గుడ్డ మధ్య పెట్టి గట్టిగా నొక్కి పది నిమిషాలు ఉంచండి. మరక పడితే ఆ దారం లేత రంగుల పక్కకి రాకూడదు. ఉప్పునీళ్లలోనో వెనిగర్‌లోనో నానబెడితే రంగు నిలుస్తుందని చాలామంది చెప్తారు. కాటన్ విషయంలో దాన్ని నమ్ముకోకండి. వెనిగర్ పని ఉన్నికీ పట్టుకీ వేసే కొన్ని రంగుల దగ్గర, ఉప్పు పని రంగు అద్దేటప్పుడు, దిగిపోయే రంగుని అవి పట్టి ఆపలేవు. ఇప్పుడు మరకపడిన చదరాన్ని చల్లటి నీళ్లలో కొంచెం సబ్బుపొడితో నానబెట్టి, నీళ్లు మార్చి మార్చి చూడండి. ఎండలో ఆరేయడం, వేడి తగలనివ్వడం మరక పోయాకే. పోకపోతే ఆ ఒక్క చదరం తీసేసి ఇంకోటి వేసుకోవడం తేలిక.

మొదట ఏం అల్లాలి? దుప్పటి మాత్రం వద్దు. అది మొదలుపెట్టినవాళ్లలో ఎక్కువమంది మధ్యలో ఆపేస్తారు, పైగా సంక్రాంతి దాటితే మనకి చలి ఎక్కడుంది? నా మాట వింటే కుషను కవరు. 4 అంగుళాల చదరాలు 16, నాలుగు వరసలుగా కలిపితే 16 అంగుళాల ముందు భాగం. వెనక భాగం అల్లక్కర్లేదు, ఒంటి రంగు గుడ్డ వేసి జిప్పుతో టైలరు కుట్టేస్తాడు. నెలలోపే చేతిలో పూర్తయిన వస్తువు ఉంటుంది, సోఫాలో కనపడుతుంది. రంగుల పాళ్లు మీకు నచ్చాయో లేదో కూడా అక్కడే తేలిపోతుంది.

దాని తర్వాత బంతిపూల తోరణం. మా పైడితల్లమ్మ సిరిమానోత్సవం దసరా తర్వాత వచ్చే మంగళవారం, మీకు అరసవల్లిలో రథసప్తమి. పండగ పేరు పెట్టుకుని అల్లితే పని ఆగదు. మ్యాజిక్ రింగులో, అంటే కొస లాగితే బిగుసుకునే దారపు ఉంగరంలో, 6 సింగిల్ క్రోషేలు. ఇప్పుడు ప్రతి కుట్టు నెత్తినా ముందొక పోగు, వెనకొక పోగు ఉంటాయి. ముందు పోగుల్లో మాత్రమే గుచ్చి, ఒక్కోదాంట్లో 3 చైన్లు వేసి అక్కడే స్లిప్ స్టిచ్ చేస్తూ చుట్టూ తిరిగితే మొదటి రేకుల వరస. తర్వాత వెనక పోగుల్లో ఒక్కోదాంట్లో 2 చొప్పున 12 సింగిల్ వేయండి, మళ్లీ వాటి ముందు పోగుల్లో రేకులు. ఇంకో రౌండు 18, మళ్లీ రేకులు. మూడు వరసలకే ముద్దబంతి. లోపల నారింజ, బయట పసుపు పెడితే తోటలో పువ్వులాగే ఉంటుంది. మధ్య మధ్యలో మామిడాకులకి చిలకపచ్చ కాకుండా ముదురు ఆకుపచ్చ తీసుకోండి, పసుపు పక్కన అదే నిలబడుతుంది. గుమ్మానికి ఎండ తగులుతుంది కాబట్టి దీనికి అక్రిలిక్కే సరైనది, కాటన్ రంగు ఎండకి త్వరగా వెలుస్తుంది.

అమ్మకం గురించి నిక్కచ్చిగా చెప్తాను. నిజమైన క్రోషియా అల్లే యంత్రం లేదు, ప్రతి కుట్టూ చేత్తో పడాల్సిందే. కుషను కవరుకి 16 చదరాలు, చదరానికి అరగంట వేసుకున్నా 8 గంటలు, తోకలూ కలపడమూ వేరే. దానికి కూలి కట్టి ధర చెప్తే "అమ్మో" అంటారు, కట్టకపోతే మీ చెయ్యి ఊరికే అరుగుతుంది. నరసాపురం క్రోషియా లేసుకి 2024లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. 19వ శతాబ్దంలో మిషనరీల దగ్గర నేర్చుకుని తరాలుగా ఇళ్లల్లో ఆడవాళ్లు అల్లి విదేశాలకి పంపుతున్న పని అది. అంత పేరున్నచోట కూడా అల్లే చేతికి దక్కేది తక్కువే. అందుకని దుప్పట్లకి, పెద్ద టేబుల్ గుడ్డలకి ఆర్డర్లు ఒప్పుకోకండి. జడ క్లిప్పులు, తాళంచెవుల గొలుసులు, బంతిపూలు లాంటి గంటలో అయ్యే చిన్నవి పండగల ముందు చుట్టుపక్కల అమ్మొచ్చు, దారం డబ్బులు తిరిగొస్తాయి, ఇంకొంచెం మిగులుతుంది. ఇంటిపని తర్వాత దొరికే ఆ గంట మీ ఇష్టం కోసం పెట్టుకున్నది. దాన్ని ఆర్డర్లకి అమ్మేసుకుంటే మళ్లీ ఇంకో సరదా వెతుక్కోవాలి.

మిగతావి చిన్న సంగతులు. ఎండాకాలం చెయ్యి చెమటపట్టి సూది జారకపోతే కాస్త పౌడరు రాసుకోండి. మణికట్టు లాగుతుంటే అరగంటకోసారి ఆపండి, పట్టు పట్టుకుని రౌండు పూర్తిచేయొద్దు. తుఫాన్ల నెలల్లో, అక్టోబరు, నవంబరులో గాలి చెమ్మకి కాటన్ ఉండలు ముక్కిన వాసన వేస్తాయి. ఎండ కాసిన రోజు ఆరబెట్టి, ఎండిన వేపాకు గుడ్డలో కట్టి డబ్బాలో వేయండి.

ఇప్పటికే అల్లి పాడైన చదరాలు ఏం చేయాలని ఆఖర్న అడిగారు. అక్రిలిక్‌వి విప్పేయండి. విప్పిన దారం ఉంగరాలు తిరిగి ఉంటుంది, అలాగే అల్లితే కుట్లు మళ్లీ ఎగుడుదిగుడుగా వస్తాయి. దాన్ని కుర్చీ వీపు చుట్టూ చుట్టి చిలపలా (పొడవాటి చుట్టలా) చేసి, నాలుగుచోట్ల వదులుగా కట్టి, గోరువెచ్చటి నీళ్లలో ముంచి తీయండి. పిండకుండా నొక్కి, దండెం మీద నీడన వేలాడదీయండి, కింద కొసకి బట్టల క్లిప్పులు రెండు తగిలిస్తే ఆ బరువుకి సాపు అవుతుంది. పూర్తిగా ఆరాక ఉండ చుట్టేటప్పుడు లోపల నాలుగు వేళ్లు పెట్టి వదులుగా చుట్టండి. బిగించి చుడితే దారం సాగి ఉంటుంది, అల్లాక మెల్లగా ముడుచుకుని మళ్లీ సైజు తప్పుతుంది.